మందు ఆపినా తగ్గని జ్వరం



2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వైద్యులకూ, రోగులకూ ఒక హెచ్చరిక విడుదల చేసింది. మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్రతో ‘డ్రెస్ సిండ్రోమ్’ అనే తీవ్రమైన ఎలర్జీ రావచ్చని, జాగ్రత్తగా కనిపెట్టి ఉండమని దాని సారాంశం. మెఫెనమిక్ యాసిడ్ అంటే చాలామందికి తెలియకపోవచ్చు. మెఫ్తాల్ అంటే మాత్రం నెలసరి నొప్పితో బాధపడే ఆడవాళ్లకు బాగా తెలుసు. ఆ వార్తతోనే డ్రెస్ అనే పేరు చాలామంది చెవిన పడింది.

ఈ ఎలర్జీలో ఒక విచిత్రం ఉంది. కారణమైన మందును ఆపేశాక కూడా జబ్బు ముదురుతుంది. తగ్గినట్టే తగ్గి జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. దానికి కారణం మందు ఒక్కటే కాదు. మన ఒంట్లోనే ఏళ్ల తరబడి అణిగి ఉన్న వైరస్‌లు ఆ సమయంలో లేచి కూర్చుంటాయి. ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

మందు పడలేదు, మందు వికటించింది అని మనం అంటూ ఉంటాం. అది చాలా రకాలుగా జరుగుతుంది. ఇంజక్షన్ చేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడకపోవడం ఒక రకం. మాత్రలు మొదలుపెట్టిన వారం పదిరోజులకు ఎర్రటి పొక్కులు వచ్చి, ఆపేస్తే నాలుగైదు రోజుల్లో మాడిపోవడం ఇంకో రకం. డ్రెస్ ఈ రెండింటికీ భిన్నం. మందు మొదలుపెట్టిన రెండు వారాల నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది బయటపడుతుంది. అప్పటికి మాత్ర అలవాటైపోయి ఉంటుంది. నెల రోజులుగా పడిన మందు ఇప్పుడెందుకు పడదు అనుకుంటారు. అందుకే అసలు కారణం మీదికి ఎవరి దృష్టీ పోదు.

మొదట జ్వరం వస్తుంది. 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాని వెంట ఛాతీ, వీపు, చేతుల మీద ఎర్రటి దద్దు మొదలై ఒళ్లంతా పాకుతుంది. ముఖం ఉబ్బుతుంది, ముఖ్యంగా కళ్ల చుట్టూ. మెడలోనూ, చంకల్లోనూ, గజ్జల్లోనూ బిళ్లలు కడతాయి. రక్తపరీక్ష చేస్తే ఇయోసినోఫిల్ కణాలు బాగా పెరిగి కనిపిస్తాయి. తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లకు ఇస్నోఫీలియా అని మన ఊళ్లలో చెబుతారే, ఆ కణాలే ఇవి. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 500 లోపు ఉండేవి, ఈ జబ్బులో తరచూ 1500 దాటతాయి. చర్మం మీద కనిపించేది సగం కథే. మిగతా సగం లోపల జరుగుతుంది. ఎక్కువమందిలో కాలేయం దెబ్బతింటుంది. కొందరికి మూత్రపిండాలు, కొందరికి ఊపిరితిత్తులు, అరుదుగా గుండె కండరం. ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి పదిమంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని వైద్యగ్రంథాలు చెబుతాయి. అందులో ఎక్కువ మరణాలు కాలేయం చెడిపోవడం వల్లే.

ఏ మందులతో వస్తుంది? జాబితా పెద్దదే గానీ, ఎక్కువ కేసులకు కారణం కొన్ని మందులే. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్. యూరిక్ యాసిడ్ తగ్గించే ఎల్లోప్యూరినాల్. కుష్ఠువ్యాధి చికిత్సలో ఉండే డాప్సోన్. కీళ్లవాతానికీ, పేగుపూతకూ వాడే సల్ఫాసలజిన్. ఇతర సల్ఫా మందులు. కొన్ని యాంటీబయాటిక్స్, కొన్ని క్షయ మందులు. ఫిట్స్ మందులు వేసుకునేవారిలో ఇది వెయ్యిమందిలో ఒకరి నుంచి పదివేలమందిలో ఒకరికి వస్తుందని అంచనా. అంటే అరుదే. అయితే ఆ ఒక్కరి ఇంట్లో అది అరుదు కాదు కదా.

ఇప్పుడు వైరస్ సంగతికి వద్దాం. దీనికి పాత చరిత్ర ఉంది. డాప్సోన్ కుష్ఠు చికిత్సలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, 1949లో, నైజీరియాలో పనిచేస్తున్న లోవ్, స్మిత్ అనే ఇద్దరు వైద్యులు ఒక వింత గమనించి రాశారు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరు రోగులకు జ్వరం, దద్దు, మెడ బిళ్లలు వస్తున్నాయి. అది అచ్చం గ్లాండ్యులర్ ఫీవర్ అనే జబ్బులా ఉంది. గ్లాండ్యులర్ ఫీవర్ వైరస్ వల్ల వస్తుందని ఈ రోజు మనకు తెలుసు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని పేరు పెట్టిన ఆ సూక్ష్మజీవిని కనిపెట్టింది 1964లో. మందు వల్ల వచ్చిన జబ్బుకు వైరస్ జబ్బు పోలిక ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఈలోగా ఆ జబ్బుకు రకరకాల పేర్లు వచ్చాయి. డాప్సోన్‌తో వస్తే ఒక పేరు, ఫిట్స్ మందుతో వస్తే ఇంకో పేరు. 1996లో ఫ్రాన్స్ చర్మవైద్యులు వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి డ్రెస్ అన్నారు. ఆ మరుసటి ఏడాదే, ఫిట్స్ మందు వికటించిన రోగిలో హెర్పిస్ జాతి వైరస్ ఒకటి కనిపించిందని ఫ్రాన్స్ నుంచే వార్త వచ్చింది. 1998లో జపాన్‌లోని ఎహిమే విశ్వవిద్యాలయంలో తోహ్యామా, హాషిమోతో బృందం సల్ఫాసలజిన్ వికటించిన రోగుల్లో అదే వైరస్‌ను పట్టుకుంది. అదే ఏడాది మరో జపాన్ బృందం ఎల్లోప్యూరినాల్ రోగిలోనూ చూసింది. ఆ వైరస్ పేరు హ్యూమన్ హెర్పిస్ వైరస్-6. క్లుప్తంగా హెచ్‌హెచ్‌వి-6.

ఇది బయటి నుంచి కొత్తగా వచ్చిపడిన వైరస్ కాదు. 1986లో అమెరికాలో దీన్ని గుర్తించారు. పసిపిల్లలకు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం కాసి, జ్వరం దిగగానే ఒంటి మీద గులాబీరంగు దద్దు వచ్చే జబ్బు ఒకటుంది. దానికి కారణం ఈ వైరసేనని జపాన్‌కు చెందిన యమానిషి బృందం 1988లో తేల్చింది. రెండు మూడేళ్లు నిండేసరికి దాదాపు పిల్లలందరికీ ఇది సోకి ఉంటుంది. పెద్దల లాలాజలం ద్వారా పిల్లలకు చేరుతుంది. చాలా ఇళ్లలో దాన్ని పళ్లొచ్చే జ్వరం అనుకుని వదిలేస్తారు. జ్వరం పోతుంది. వైరస్ పోదు. లాలాజల గ్రంథుల్లో, కొన్ని తెల్ల రక్తకణాల్లో అణిగిపోతుంది. హెర్పిస్ జాతి వైరస్‌లన్నిటి గుణం ఇదే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మనిషికి అరవై ఏళ్లు దాటాక నడుము చుట్టూ సర్పి లేస్తుంది చూడండి, అది కూడా చిన్ననాటి ఆటలమ్మ వైరసే. పొలంలో తుంగను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైన గడ్డి ఎండిపోతుంది, దున్నితే పోయిందనుకుంటాం, గడ్డలు నేలలోనే ఉండి అదను చూసుకుని మొలుస్తాయి.

మరి మందు వికటించినప్పుడు ఈ వైరస్‌కు అదను ఎలా దొరుకుతుంది? దీనికి మూడు వివరణలు ఉన్నాయి. మూడింటిలోనూ కొంత నిజం ఉన్నట్టే కనిపిస్తోంది.

మొదటిది. మందును శత్రువుగా పొరబడిన టి-కణాలు, అంటే మన రక్షణదళంలోని తెల్ల కణాలు, ఒక్కసారిగా రెచ్చిపోయి వేగంగా పెరుగుతాయి. హెచ్‌హెచ్‌వి-6 పెరిగేది కూడా ఆ టి-కణాల్లోనే. కణం మెలకువగా, చురుగ్గా ఉంటేనే వైరస్‌కు పంట. ఎలర్జీ వల్ల పెరిగిన కణాలే దానికి నివాసమవుతాయి.

రెండోది. రెచ్చిపోయిన కణాలను అదుపులో పెట్టడానికి శరీరం ఇంకో రకం టి-కణాలను దింపుతుంది. అవి మంటను చల్లారుస్తాయి. దాంతో పాటు వైరస్‌ల మీది కాపలానూ సడలిస్తాయి. వ్యాధి మొదట్లో ఈ రోగుల రక్తంలో యాంటీబాడీలు తగ్గడం కూడా చూశారు.

మూడోది. కొన్ని మందులే నేరుగా వైరస్‌ను లేపుతాయి. 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు 40 మంది డ్రెస్ రోగులను పరిశీలించి, వారిలో 76 శాతం మందిలో ఏదో ఒక హెర్పిస్ వైరస్ మేల్కొన్నట్టు చూపారు. రోగుల కణాలను ప్రయోగశాలలో పెంచి, వికటించిన మందునే వాటికి తగిలిస్తే ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉత్పత్తి పెరిగింది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా బయటపడింది. రోగి ఒంట్లో విచ్చలవిడిగా పెరిగిన టి-కణాల్లో చెప్పుకోదగ్గ భాగం మందు మీద కాదు, వైరస్ మీద గురిపెట్టినవి. అంటే చర్మాన్నీ, కాలేయాన్నీ దెబ్బతీస్తున్న దాడిలో కొంత వైరస్‌ను వేటాడే ప్రయత్నంలో జరుగుతున్న నష్టం.

మందు ఆపాక కూడా జబ్బు ఎందుకు తగ్గదో ఇక్కడ తెలిసిపోతుంది. హెచ్‌హెచ్‌వి-6 సాధారణంగా దద్దు మొదలైన రెండు మూడు వారాలకు రక్తంలో కనిపిస్తుంది. అప్పటికి మందు ఆపేసి చాలా రోజులై ఉంటుంది. రోగి కోలుకుంటున్నాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం అది. సరిగ్గా అప్పుడు జ్వరం తిరగబెట్టి, కాలేయ పరీక్షల అంకెలు మళ్లీ పైకెక్కుతాయి. తోహ్యామా బృందం 2007లో 100 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో 62 మందిలో హెచ్‌హెచ్‌వి-6 మేల్కొంది. జబ్బు తిరగబెట్టడం, తీవ్రంగా ముదరడం ఈ వైరస్ లేచినవారిలోనే ఎక్కువగా చూశారు. ఇది ఒక్కటే కాదు, ఇదే హెర్పిస్ జాతికి చెందిన ఎప్‌స్టీన్-బార్, హెచ్‌హెచ్‌వి-7, సైటోమెగలోవైరస్ కూడా ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయని, ఎముకమజ్జ మార్పిడి తర్వాత కొందరు రోగుల్లో కనిపించే వరస కూడా ఇలాంటిదేనని టోక్యోలోని క్యోరిన్ విశ్వవిద్యాలయానికి చెందిన తెత్సువో షియోహారా చూపించారు. జపాన్ వైద్యులు ఈ వైరస్ మేల్కొనడాన్ని వ్యాధి నిర్ధారణ లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. యూరప్ వైద్యులు వాడే కొలమానంలో దానికి చోటు లేదు. వైరస్ వల్ల జబ్బు ముదురుతోందా, జబ్బు ముదరడం వల్ల వైరస్ లేస్తోందా అన్న వాదన ఇంకా ముగియలేదు. మంచం మీద ఉన్న రోగికి మాత్రం ఆ వాదన కంటే, తిరగబెట్టే అవకాశం ఉందన్న ఎరుక ముఖ్యం.

ఎందుకంటే ఆ ఎరుక లేకపోతే చికిత్స దారితప్పుతుంది. జ్వరం తిరగబెట్టగానే, ఇదేదో ఇన్‌ఫెక్షన్ అనుకుని కొత్త యాంటీబయాటిక్ మొదలుపెడతారు. అది తగ్గించకపోతే ఇంకోటి. డ్రెస్ ఉన్న మనిషి రక్షణవ్యవస్థ అప్పుడు ప్రతి కొత్త మందు మీదా విరుచుకుపడే స్థితిలో ఉంటుంది. అంతకుముందు హాయిగా పడిన మందు కూడా ఆ సమయంలో వికటించవచ్చు. పైగా ఎమాక్సిసిలిన్ హెచ్‌హెచ్‌వి-6ను ప్రేరేపిస్తుందని ప్రయోగశాల పరిశీలనలు ఉన్నాయి. అందుకే ఈ జబ్బులో మందులు ఎంత తక్కువైతే అంత మేలు. తప్పనిసరి అయితే తప్ప కొత్తది కలపకూడదు.

మన ఊళ్లలో ఇంకో రెండు చిక్కులున్నాయి. జ్వరం, ఒంటి నిండా దద్దు చూసి అమ్మవారు పోసిందనో, తట్టు అనో అనుకుని వేపాకు పరచి ఇంట్లోనే ఉంచేస్తారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందుకు తీసుకెళతారు. ఆ రెంటి వెనకా ఉన్న నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. పెద్దవయసు మనిషికి, నెలా నెలన్నర కిందట కొత్త మాత్ర మొదలుపెట్టిన మనిషికి, జ్వరంతో పాటు దద్దు లేచి ముఖం ఉబ్బితే అది అమ్మవారు కాదని అనుమానించండి. అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద పసరు పోస్తే ఉన్న ప్రాణానికి ముప్పు. ఆ మనిషిని అదే రోజు పెద్దాసుపత్రికి చేర్చాలి.

చికిత్సలో మొదటి మెట్టు కారణమైన మందును ఆపడం. ఎంత త్వరగా ఆపితే అంత మంచిది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాల పరీక్షలు చేయాలి. ఒకసారి చేసి ఊరుకోకూడదు, మళ్లీ మళ్లీ చేస్తూ ఉండాలి. లోపలి అవయవాలు దెబ్బతిన్నవారికి స్టెరాయిడ్లు ఇస్తారు. ఇక్కడ వైద్యుడు కత్తి మీద సాము చేయాల్సి వస్తుంది. స్టెరాయిడ్ ఎలర్జీని అణచివేస్తుంది, దాంతో పాటు వైరస్ మీది నిఘానూ తగ్గిస్తుంది. అలాగని ఉన్నట్టుండి ఆపేస్తే అణిగిన మంట ఒక్కసారిగా ఎగస్తుంది. అందుకే మోతాదును వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గిస్తారు. సైటోమెగలోవైరస్ లేచి పేగుల్లో రక్తస్రావం వంటి ఇబ్బంది తెస్తే దానికి వేరే మందు ఉంది, గాన్‌సైక్లోవిర్. వైరస్ పరీక్షలు అన్ని ఊళ్లలో దొరకవు. దొరకకపోయినా జబ్బును గుర్తుపట్టవచ్చు, చికిత్స చేయవచ్చు. వైరస్ ఉండే అవకాశాన్ని మనసులో పెట్టుకుని రోగిని కనిపెట్టి ఉండాలి, అంతే.

రోగుల బంధువులకు ఒక మాట. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే భయపడి, చర్మం శుభ్రపడగానే మాత్రలు మానేసేవాళ్లు చాలామంది. చర్మం ముందు నయమవుతుంది. లోపల నయమవడానికి ఎక్కువ కాలం పడుతుంది. డాక్టరు చెప్పిన వరసలోనే తగ్గించండి. ఇంటికి వచ్చాక కూడా పరీక్షలు మానకండి. జబ్బు తగ్గిన కొన్ని నెలలకు కొందరిలో థైరాయిడ్ దెబ్బతింటుంది, అరుదుగా మధుమేహం మొదలవుతుంది. రక్షణదళం సొంత అవయవాల మీదికి తిరగడం వల్ల వచ్చే నష్టాలివి. కనీసం ఏడాది పాటు వైద్యుడి కంటిచూపులో ఉండటం మంచిది.

ఇది ఎవరికి వస్తుందో ముందే తెలుసుకోవచ్చా? కొంతవరకు తెలుసుకోవచ్చు. మన కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. 2013లో చైనా పరిశోధకులు, హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే గుర్తు ఉన్న కుష్ఠురోగులకు డాప్సోన్ వికటించే ముప్పు దాదాపు 20 రెట్లు ఎక్కువని తేల్చారు. ఆ గుర్తు యూరప్, ఆఫ్రికా ప్రజల్లో దాదాపు కనిపించదు. భారతీయుల్లో ప్రాంతాన్ని బట్టి 1 నుంచి 12 శాతం మందిలో ఉంటుందని అదే పత్రం పేర్కొంది. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు. ఎల్లోప్యూరినాల్‌కు బి 58:01 అనే గుర్తు, కార్బమజెపిన్‌కు ఏ 31:01 అనే గుర్తు ఇలాగే ముప్పును సూచిస్తాయి. ఈ పరీక్షలు చేయించుకోగలిగినవారు వైద్యుడిని అడగండి. అంతకంటే తేలికైన జాగ్రత్త ఒకటుంది. కీళ్లనొప్పి, వాపు ఏమీ లేకుండా, పరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వచ్చిందని మందుల షాపులో ఎల్లోప్యూరినాల్ కొనుక్కుని మింగకండి. అవసరమని వైద్యుడు తేలిస్తే, తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని అడగండి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

ఒకసారి డ్రెస్ వచ్చినవారు ఆ మందును జన్మలో మళ్లీ ముట్టకూడదు. దాని చుట్టాలను కూడా. ఫెనిటోయిన్ వికటిస్తే కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ కూడా వికటించే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాటి రసాయన నిర్మాణంలో పోలిక ఉంది. కంపెనీని బట్టి పెట్టె మీద పేరు మారుతుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది లోపలి మందు పేరు. ఆ పేరును తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఒక కార్డు మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు దగ్గర పెట్టుకోండి. అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ చెప్పండి. రక్తసంబంధీకులకు కూడా ఆ ముప్పు ఉండవచ్చు.

ఈ మాటలు విని ఇప్పుడు వాడుతున్న మందులు ఆపేయాలని మాత్రం అనుకోకండి. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. క్షయ, కుష్ఠు మందులు మధ్యలో మానితే జబ్బు మొండిబారుతుంది. నెలల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్నవారికి ఈ ముప్పు చాలా తక్కువ. జాగ్రత్త కావాల్సింది కొత్త మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలలు. ఆ రోజుల్లో జ్వరం, దద్దు కలిసి వస్తే, ఆ పూటకే మందు రాసిన వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆయన దొరకకపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల చీటీలు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. గత రెండు నెలల్లో ఏ మాత్ర ఏ తేదీన మొదలైందో చెప్పగలిగితే, వైద్యుడి పని సగం పూర్తయినట్టే.

చివరగా ఒక విన్నపం. మందు వికటించిన ప్రతి సంఘటనా ప్రభుత్వానికి చేరాలి. దీనికోసం దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. మెఫెనమిక్ యాసిడ్ హెచ్చరిక కూడా అలా అందిన నివేదికల్లోంచే పుట్టింది. వైద్యులే కాదు, రోగులు, వారి బంధువులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఉచిత ఫోన్ నంబరు రాసుకోండి: 1800-180-3024. మరోసారి చెబుతున్నాను: 1800-180-3024. మీరు చెప్పే ఒక్క వివరం ఇంకొకరి ప్రాణం కాపాడవచ్చు.